కట్టుడు పళ్ళు పెట్టుకున్న పెద్దవాళ్ళు ‘బాగుంది’ అంటే ఎంత బాగున్నట్టు?

ప్రశ్న: నేను ప్రోస్థోడాంటిక్స్‌లో, అంటే కట్టుడు పళ్ళు అమర్చే దంతవైద్య విభాగంలో, పీజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. అరవై ఏళ్ళు దాటి, పై, కింది దవడలకు పూర్తి పళ్ళసెట్లు చేయించుకున్నవారి సంతృప్తి నా థీసిస్ విషయం. ముందుగా కొందరిని అడిగి చూస్తే దాదాపు అందరూ ‘బాగుంది డాక్టరుగారూ’ అన్నారు. అయిదు మార్కుల స్కేలు మీద నాలుగో అయిదో వేశారు. కానీ తిరిగి రమ్మన్నవారిలో చాలామంది రావడం లేదు. వచ్చినవారిలో కొందరు కింది సెట్టు పెట్టుకోవడమే లేదు. ఏ ప్రశ్నావళి వాడితే అసలు సంగతి తెలుస్తుంది?

సమాధానం:

కింది సెట్టు ఇంట్లో వదిలేసి వచ్చిన పెద్దాయన మీకు అయిదుకు నాలుగు మార్కులు వేశారంటే, ఆ మార్కులు మీ కష్టానికి వేసినవి. సెట్టుకు ఆయన ఎన్ని వేసేవారో మీరింకా అడగలేదు. అందుకని ఏ ప్రశ్నావళి అన్న విషయానికి తర్వాత వస్తాను. అంతకన్నా ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి: ఎవరు అడుగుతున్నారు, ఎప్పుడు అడుగుతున్నారు. ఈ రెండూ కుదరకపోతే ఎంత పేరున్న ప్రశ్నావళి అయినా మీకు నాలుగులూ అయిదులే ఇస్తుంది. చాలా ఏళ్ళుగా సెట్లు చేస్తూ, విద్యార్థుల థీసిస్‌లు చదువుతూ నాకు బలపడిన అభిప్రాయం ఇది.

మన దంత కళాశాలల్లో సెట్టు ఎలా తయారవుతుందో ఆలోచించండి. పెద్దవాళ్ళు కొలతలకని, దవడల ఎత్తు చూడటానికని, మైనంలో పేర్చిన పళ్ళు నప్పాయో లేదో చూడటానికని, చివరికి సెట్టు తీసుకోవడానికని పలుమార్లు వస్తారు. బస్సు దిగి, చీటీ రాయించుకుని, వరుసలో కూర్చుంటారు. ప్రతిసారీ అదే విద్యార్థి. మూడోసారికే ‘బాబూ’, ‘అమ్మా’ అనే పిలుపు వచ్చేస్తుంది. పైగా చాలామందికి సెట్టు ఉచితంగానో, నామమాత్రపు రుసుముతోనో అందుతుంది. అంత చేసిన పిల్లవాడే ఎదురుగా కూర్చుని ‘ఎలా ఉందండీ?’ అని అడిగితే, బాగాలేదని చెప్పడం మన పెద్దవాళ్ళ మర్యాదకు కుదరదు. ఉచితంగా ఇచ్చినదానికి వంక పెట్టకూడదన్న సంస్కారమూ ఉంది. మీకు వస్తున్న ‘బాగుంది’ చాలావరకు అక్కడి నుంచే వస్తోంది.

కాబట్టి సెట్టు చేసిన మనిషి అడగకూడదు. మీ కళాశాలలోనే ప్రజారోగ్య దంతవైద్య విభాగం పీజీ కానీ, సోషల్ వర్కర్ కానీ, ఈ రోగిని అంతకుముందు చూడని మరొకరు కానీ అడగాలి. తెల్లకోటు వద్దు, డెంటల్ కుర్చీ వద్దు. వేరే గదిలో మామూలు కుర్చీలో కూర్చోబెట్టండి. మొదటి మాటే ఇలా ఉండాలి: ‘ఈ పళ్ళు నేను చేయలేదండీ. మీరు చెప్పింది మీ పేరుతో ఆ డాక్టరుకు చెప్పను. ఇబ్బందులు చెబితే రేపు మరొకరికి ఇంకా బాగా చేయడానికి పనికొస్తాయి.’ ఆ చివరి వాక్యం మన పెద్దవాళ్ళ మీద బాగా పనిచేస్తుంది. తమ కోసం ఫిర్యాదు చేయడానికి మొహమాటపడేవారు, ఇంకొకరికి మేలు జరుగుతుందంటే నోరు విప్పుతారు.

వెంట వచ్చిన కొడుకునో కోడలినో బయట కూర్చోమనండి. ఇది సున్నితంగా చేయాలి, కానీ తప్పకుండా చేయాలి. ‘మా అమ్మ బాగానే తింటోంది సార్’ అని కొడుకు అన్నాక ఆ తల్లి మరో మాట చెప్పదు. సెట్టుకు డబ్బు పెట్టింది కొడుకైతే అసలే చెప్పదు. జ్ఞాపకశక్తి తగ్గినవారి విషయంలో ఇంట్లోవాళ్ళ మాట తీసుకోక తప్పదు. అప్పుడు అది ఇంట్లోవాళ్ళ మాటేనని విడిగా రాయండి, రోగి స్వయంగా చెప్పిన స్కోర్లతో కలపవద్దు.

ఇక ఎప్పుడు అడగాలి. సెట్టు ఇచ్చిన రోజున అడిగితే అద్దంలో కనిపించే ముఖానికి మార్కులు పడతాయి. లోపలికి పోయిన పెదవులు, బుగ్గలు మళ్ళీ నిండుగా కనిపించిన సంతోషం అది. వారం తర్వాత అడిగితే చిగుళ్ళ మీద ఒరుసుకుపోయిన పుండ్లకు పడతాయి. రెండూ నిజమే, కానీ రెండూ నిలిచేవి కావు. నాలుక, బుగ్గలు, పెదవులు కొత్త సెట్టును పట్టి ఉంచడం నేర్చుకోవడానికి, నమలడం అలవాటు కావడానికి మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మొదట్లో ఊరే అదనపు లాలాజలం కూడా ఈలోగా తగ్గుతుంది. అందుకని కొత్త సెట్టు మీద మొదటి గట్టి కొలత మూడు నెలలకు తీసుకోండి. వీలైతే ఏడాదికి మరోటి. థీసిస్ గడువు అనుమతించకపోతే ఆరు నెలలతో సరిపెట్టుకోవచ్చు. మూడు నెలలకన్నా ముందు తీసిన అంకెను మాత్రం ‘సంతృప్తి’ అని పిలవవద్దు.

అన్నిటికంటే ముఖ్యమైన కొలత సెట్టు మొదలుపెట్టకముందే తీసుకోవాలి. చాలా థీసిస్‌లలో లేనిది ఇదే. సెట్టు ఇచ్చాక వచ్చిన ఒక్క అంకెతో ఏమీ తెలియదు. మూడేళ్ళుగా పళ్ళు లేకుండా పప్పన్నం, మజ్జిగన్నంతో గడిపిన మనిషికీ, పదిహేనేళ్ళు పాత సెట్టుతో చక్కగా నమిలి అది అరిగిపోయిందని కొత్తదానికి వచ్చిన మనిషికీ ఒకే స్కోరు వస్తే, వారిద్దరికీ ఒకే మేలు జరిగినట్టు కాదు. మొదటివారు ఎక్కడి నుంచి వచ్చారో, రెండోవారు ఏమి పోగొట్టుకున్నారో ముందు కొలత ఉంటేనే కనిపిస్తుంది. కనీసం ఈ రెండు రకాల వారిని, అంటే మొదటిసారి సెట్టు పెట్టుకునేవారిని, పాతది మార్చుకునేవారిని, విశ్లేషణలో విడదీయండి.

ఆ తొలి భేటీలోనే ఒక ప్రశ్న అడిగి, జవాబును వారి మాటల్లోనే రాసుకోండి: ‘కొత్త పళ్ళు వచ్చాక ఏమేమి చేయగలనని అనుకుంటున్నారు?’ ఒకరు జొన్నరొట్టె అంటారు, ఒకరు మాంసం అంటారు. రామాయణం పారాయణ చేసేటప్పుడు మాట తొట్రుపడకూడదని ఒకరంటారు. మనవరాలి పెళ్ళి ఫొటోల్లో బోసినోటితో కనిపించకూడదని ఇంకొకరంటారు. మూడు నెలల తర్వాత వారి మాటనే వారికి గుర్తుచేసి, అది నెరవేరిందా అని అడగండి. ఇరవై ప్రశ్నల పట్టిక చూపించలేని సంగతిని ఈ ఒక్క జత చూపిస్తుంది. సంతృప్తి అనేది సెట్టులో ఉండే గుణం కాదని, ఆశించినదానికీ అందినదానికీ మధ్య ఉన్న దూరమని మనం తరగతిలో చెబుతాం. ఆ దూరాన్ని కొలవాలంటే రెండు చివరలూ తెలియాలి కదా.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, మీ పరీక్షకులు తప్పకుండా అడుగుతారు. కాలం గడిచేకొద్దీ మనుషుల కొలబద్దలే మారిపోతాయి. ముందు తన పరిస్థితికి సగం మార్కులు వేసుకున్న మనిషి, కొత్త సెట్టుతో నమలడం ఎలా ఉంటుందో తెలిశాక, ‘అప్పట్లో నా పరిస్థితి సగం కూడా కాదు, పావు వంతే’ అంటారు. 2005లో ఐర్లండ్ పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనం దీన్ని పళ్ళన్నీ పోయిన రోగుల్లోనే చూపించింది. మామూలుగా ముందు, తర్వాత స్కోర్లు పోల్చినప్పుడు కనిపించని మెరుగుదల, ‘చికిత్సకు ముందు ఎలా ఉండేవారో ఇప్పుడు తలచుకుని చెప్పండి’ అని అడిగి పోల్చినప్పుడు కనిపించింది. కాబట్టి మూడు నెలల భేటీలో ఆ ఒక్క ప్రశ్న అదనంగా చేర్చండి. అసలు తొలి కొలతకు బదులుగా మాత్రం దీన్ని వాడవద్దు. ఇది దాని పక్కన నిలబడాలి.

ఇప్పుడు ప్రశ్నావళుల సంగతి. రెండు వేర్వేరు విషయాలను కలిపేయకండి. నోటి ఆరోగ్యం వల్ల జీవితం ఎంత ఇబ్బంది పడుతోంది అన్నది ఒకటి. చేసి ఇచ్చిన సెట్టు నచ్చిందా అన్నది మరొకటి. మొదటిదానికి స్లేడ్, స్పెన్సర్ 1994లో తెచ్చిన ఓరల్ హెల్త్ ఇంపాక్ట్ ప్రొఫైల్, అందరూ ఓహిప్ అనేది, మూలం. అందులో 49 ప్రశ్నలు, ఏడు విభాగాలు: పని కుంటుపడటం, నొప్పి, మానసిక ఇబ్బంది, శారీరకంగా చేయలేకపోవడం, మానసికంగా కుంగిపోవడం, నలుగురిలో కలవలేకపోవడం, మొత్తంగా జీవితం వెనకబడటం. స్లేడే 1997లో దాన్ని 14 ప్రశ్నలకు కుదించారు. మన విద్యార్థులు చాలామంది ఆ 14 ప్రశ్నల రూపాన్నే తీసుకుంటారు, చిన్నది కాబట్టి. పూర్తి సెట్ల విషయానికి అది సరిపోదన్నది నా అభిప్రాయం. పళ్ళన్నీ పోయిన మనిషికి అసలైన ఇబ్బందులు, అంటే నమలలేకపోవడం, సెట్టు సరిగా కూర్చోకపోవడం, దాని కింద ఆహారం ఇరుక్కోవడం, అందులో జారిపోయాయి. అందుకే అలెన్, లాకర్ 2002లో 49 ప్రశ్నల్లోంచి ఇలాంటి రోగులకు వర్తించే 19 ఏరి ఓహిప్-ఈడెంట్ అనే రూపం తయారుచేశారు. ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి నాలుగు. మొత్తం ఎంత పెరిగితే ఇబ్బంది అంత ఎక్కువ.

అచిసన్, డోలన్ 1990లో ప్రచురించిన 12 ప్రశ్నల గోహై అనే నోటి ఆరోగ్య సూచిక కూడా వృద్ధుల కోసమే తయారైంది. మంచి సాధనమే. కానీ అందులో మూడు ప్రశ్నలు మిగిలినవాటికి ఎదురు దిశలో నడుస్తాయి. చదువుకోని పెద్దవారికి నోటితో చదివి వినిపించేటప్పుడు, వరుసగా ఇబ్బందుల గురించి అడుగుతూ మధ్యలో ‘హాయిగా మింగగలుగుతున్నారా?’ అంటే, పాత ధోరణిలోనే జవాబు వచ్చేస్తుంది. లెక్కలో ఆ మూడింటినీ తిరగేయడం మరిచిపోయిన పట్టికలు కూడా ఉంటాయి. మీరు గోహై తీసుకుంటే ఆ ప్రశ్నల దగ్గర ఆగి, జవాబును మళ్ళీ నిర్ధారించుకోండి.

రెండో విషయానికి, అంటే సెట్టు మీది సంతృప్తికి, కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వారు వాడిన పద్ధతి బాగా నిలబడింది. వంద మిల్లీమీటర్ల గీత ఒకటి గీసి, ఒక చివర ‘ఏమాత్రం తృప్తి లేదు’, మరో చివర ‘పూర్తిగా తృప్తి’ అని రాసి, రోగిని గుర్తు పెట్టమంటారు. మొత్తం మీద తృప్తి, సౌకర్యం, కదలకుండా ఉండటం, నమలడం, మాట, అందం, శుభ్రం చేసుకోవడంలో సులువు ఇలా ఒక్కోదానికి ఒక్కో గీత. ఈ రకం కొలతలు వైద్యాన్నే మార్చాయి. 2002లో మాంట్రియల్‌లో నిపుణులు సమావేశమై, పళ్ళన్నీ పోయిన కింది దవడకు రెండు ఇంప్లాంట్ల (ఎముకలో అమర్చే కృత్రిమ పంటి వేర్ల) మీద నిలిచే సెట్టే మొదటి ఎంపికగా ఉండాలని ప్రకటించడానికి ఆధారాల్లో పెద్ద భాగం రోగులు స్వయంగా ఇచ్చిన మార్కులే. మన దగ్గర ఆ ఖర్చు భరించగలిగేవారు తక్కువ. అయినా రోగి మాటను సరిగ్గా కొలిస్తే అది ఎంత దూరం వెళుతుందో మీ ఉపోద్ఘాతంలో ఇదే ఉదాహరణగా చెప్పవచ్చు.

నా సలహా: ఓహిప్-ఈడెంట్ ఒకటి, దానికి తోడు సెట్టు సంతృప్తి ప్రశ్నలు. ఈ రెండో భాగంలో పై సెట్టుకు, కింది సెట్టుకు విడివిడిగా మార్కులు తీసుకోండి. ఈ ఒక్క మార్పు చేయకపోతే మీ థీసిస్‌లో సగం సమాచారం పోతుంది. కింది సెట్టుకు ఆనుకోవడానికి దొరికే చోటు పై దవడలో దొరికేదానిలో దాదాపు సగం. మధ్యలో నాలుక కదులుతూ ఉంటుంది, అంగిలి లాంటి వెడల్పయిన ఆధారం లేదు. ఎముక కరగడం కూడా కింది దవడలోనే ఎక్కువ. టాల్‌గ్రెన్ పాతికేళ్ళ పాటు గమనించి 1972లో ప్రచురించిన ఫలితాల్లో, ముందు భాగంలో కింది గట్టు తరుగుదల పైదానికి దాదాపు నాలుగు రెట్లుంది. పై సెట్టు సంతోషం కింది సెట్టు బాధను కప్పేసి, మీ చేతికి ‘పరవాలేదు’ అనే సగటు వస్తుంది. మీ రోగులు కింది సెట్టు ఇంట్లో వదిలి వస్తున్నారంటే కారణం వెతకవలసిన చోటు ఇదే.

వంద మిల్లీమీటర్ల గీతతో మన వృద్ధులు ఇబ్బంది పడతారు. చూపు ఆనదు, చేయి వణుకుతుంది. అంతకన్నా, ఒక భావాన్ని గీత మీద చుక్కగా మార్చడం అలవాటు లేదు. చాలామంది మధ్యలోనో చివరో పెట్టి కాగితం ఇచ్చేస్తారు. కానీ మన పెద్దవాళ్ళకు తమదైన స్కేలు ఒకటి ఉంది, దాన్ని మనం పట్టించుకోం. జ్వరం ఎలా ఉందని అడిగితే ‘రూపాయికి అర్ధరూపాయి తగ్గింది’ అంటారు, కీళ్ళనొప్పి ‘పావలా వంతు నయం’ అంటారు. పావలా బిళ్ళ 2011 జూన్ నెలాఖరుతో చలామణి నుంచి పోయినా ఆ కొలత మాత్రం మాటల్లో చెక్కుచెదరలేదు. ఏమీ లేదు, పావలా, అర్ధ, ముప్పావలా, నిండు రూపాయి. చక్కటి అయిదు మెట్ల స్కేలు, మెట్ల మధ్య దూరం సమానమని అడిగేవారికీ చెప్పేవారికీ ఇద్దరికీ తెలుసు. ‘కింది పళ్ళు నమలడానికి రూపాయిలో ఎంత పనికొస్తున్నాయండీ?’ అని అడిగి చూడండి. ఒక కాగితం మీద గుండ్రని బిళ్ళను నాలుగు భాగాలు చేసి, ఎన్ని భాగాలు నిండాయో చూపించమంటే చదువురానివారు కూడా వేలు పెట్టి చూపిస్తారు.

అయితే ఇది నమ్మదగిన కొలతేనని మీరు రుజువు చేయాలి. సెట్టు స్థిరపడిన కొందరిని రెండు వారాల తేడాతో రెండుసార్లు అడిగి, జవాబులు ఎంత కలుస్తున్నాయో వెయిటెడ్ కప్పా అనే గణాంకంతో చూడండి. రోజంతా సెట్టు పెట్టుకునేవారికీ, పెట్టుకోనివారికీ స్కోర్లలో తేడా వస్తోందా చూడండి. రాకపోతే ఆ స్కేలు పనికిరాదు. క్రోన్‌బాక్ ఆల్ఫా 0.7 దాటిందని రాసి ప్రశ్నావళి సరైనదని తేల్చేసే అలవాటు మన థీసిస్‌లలో ఉంది. ప్రశ్నలన్నీ ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయని మాత్రమే ఆల్ఫా చెబుతుంది. అవి అడగవలసినదాన్నే అడుగుతున్నాయా అన్నది దానికి తెలియదు.

ఓహిప్-ఈడెంట్‌ను తెలుగులో వాడేటప్పుడు ఇద్దరు విడివిడిగా తెలుగు చేయడం, మూలం చూడని మూడో వ్యక్తి తిరిగి ఇంగ్లీషులోకి మార్చడం, తేడాలు కూర్చుని సరిచేయడం అనే పద్ధతి మీకు తెలిసిందే. దానికి ఒక మెట్టు కలపండి. తయారైన తెలుగు ప్రశ్నను కొందరు వృద్ధులకు చదివి వినిపించి, ‘మీకు ఏమి అర్థమైందో మీ మాటల్లో చెప్పండి’ అనండి. ఎప్పుడూ లేదు, అరుదుగా, అప్పుడప్పుడు, తరచుగా, చాలా తరచుగా అనే అయిదు జవాబుల్లో రెండోదీ మూడోదీ చాలామందికి ఒకటే అనిపిస్తాయి. ‘నెలలో ఒకటి రెండు సార్లు’, ‘వారానికి ఒకటి రెండు సార్లు’ అని విడమరిస్తే తేడా తెలుస్తుంది. ఇలాంటి మార్పు చేస్తే ఆ సంగతి పద్ధతుల అధ్యాయంలో రాయండి.

నమలడం గురించి అడిగేటప్పుడు ‘బాగా నమలగలుగుతున్నారా?’ అనకండి. పేరు పెట్టి అడగండి. మెత్తటి అన్నం, ఇడ్లీ, చపాతీ, జొన్నరొట్టె, ఆవకాయ ముక్క, జంతికలు, వేయించిన వేరుశనగలు, జామకాయ, మాంసం. ఒక్కోదానికి మూడు జవాబులు: హాయిగా తింటున్నాను, కష్టపడి తింటున్నాను, మానేశాను. నాలుగోది కూడా పెట్టండి: మొదటి నుంచీ తినను. శాకాహారికి మాంసం గడిలో ‘మానేశాను’ అని గుర్తు పెట్టేస్తే లెక్క చెడుతుంది. షుగర్ వల్ల మానేసినదీ పళ్ళ వల్ల మానేసినదీ వేరుగా రావాలి. ఈ పట్టిక మీ జిల్లా తిండికి తగ్గట్టు ఉండాలి. ఉత్తర కర్ణాటక కోసం చేసినది శ్రీకాకుళానికి సరిపోదు.

దీనికి జతగా నలుగురిలో తినడం గురించి ఒక ప్రశ్న. ‘ఈ మధ్య పెళ్ళికో శుభకార్యానికో వెళ్ళారా? అందరితో కలిసి కూర్చుని తిన్నారా, ఇంటికి వచ్చి తిన్నారా?’ ఈ ప్రశ్న అడిగిన చోట వచ్చే జవాబులు మిమ్మల్ని ఆలోచింపజేస్తాయి. సెట్టు చాలా బాగుందని చెప్పిన ఒక పెద్దావిడ ఇదే ప్రశ్నకు, అన్నం తినేటప్పుడు పళ్ళు తీసి కొంగులో దాచుకుంటానని, నలుగురిలో అలా తీయలేక విందులకు వెళ్ళడం మానేశానని చెప్పారు. ఆమె అబద్ధమేమీ చెప్పలేదు. మాట్లాడటానికి, గుడికి వెళ్ళడానికి ఆ పళ్ళు ఆమెకు నిజంగానే బాగున్నాయి. ‘బాగుందా?’ అన్న ప్రశ్నకు ఇవన్నీ కలిసి ఒకే జవాబుగా వస్తాయి, అంతే.

అందుకే వాడకాన్ని తప్పకుండా నమోదు చేయండి. రోజులో ఎంతసేపు పెట్టుకుంటున్నారు, పై సెట్టు ఎంతసేపు, కింది సెట్టు ఎంతసేపు, తినేటప్పుడు ఉంచుకుంటున్నారా, రాత్రి తీసి నీళ్ళలో వేస్తున్నారా. రాత్రిళ్ళు కూడా తీయనివారిలో సెట్టు కింద చిగురు ఎర్రబారే ఇబ్బంది ఎక్కువ. ఇష్టం కొద్దీ తీయనివారు వేరు, తీయాలని ఎవరూ చెప్పక తీయనివారు వేరు. ఇక్కడ గంటల లెక్క ఎక్కువ వచ్చిందని దాన్ని తృప్తికి గుర్తుగా తీసుకోకండి.

రోగి మాట పక్కన నోటి పరీక్ష కూడా ఉండాలి. కింది దవడ ఎముక ఎత్తుకు అమెరికన్ కాలేజ్ ఆఫ్ ప్రోస్థోడాంటిస్ట్స్ వారి 1999 వర్గీకరణ చాలు. ఎక్స్‌రేలో అతి తక్కువ ఎత్తున్న చోట 21 మిల్లీమీటర్లు, అంతకు మించి ఉంటే మొదటి తరగతి, 10, అంతకన్నా తక్కువైతే నాలుగోది. సెట్టు పట్టుకు, కదలికకు కపూర్ సూచిక వాడవచ్చు. నమిలే శక్తిని నేరుగా చూడాలంటే మ్యాన్లీ, బ్రేలీ 1950లోనే వేరుశనగలు నమిలించి జల్లెడ పట్టి కొలిచారు. మన రాయలసీమలో అంతకన్నా సులువుగా దొరికే పరీక్ష వస్తువు లేదు. నోరు ఎండిపోవడం గురించి తప్పకుండా అడగండి. బీపీకి, దిగులుకు వాడే కొన్ని మందులు లాలాజలాన్ని తగ్గిస్తాయి. సెట్టుకూ చిగురుకూ మధ్య ఆ పలుచని తడి పొర లేకపోతే ఎంత బాగా చేసినా నిలవదు. ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చే పెద్ద వయసు స్త్రీలలో అడ్డపొగ అలవాటు ఉందేమో అడిగి, అంగిలిని జాగ్రత్తగా చూడండి. నిప్పు లోపలికి పెట్టి చుట్ట కాల్చినవారి అంగిలిలో తెల్లటి మచ్చలు, పుండ్లు ఉండవచ్చు. వాటిని సెట్టు ఒరిపిడి అనుకుని వదిలేయకూడదు. సంతృప్తి సర్వే చేస్తూ ఒక క్యాన్సర్‌ను తొలిదశలో పట్టుకోగలిగితే అంతకన్నా కావలసింది ఏముంది.

మనం వేసే మార్కులకూ రోగి వేసే మార్కులకూ పొంతన తక్కువగా వస్తే కంగారుపడకండి. దశాబ్దాలుగా ఎందరు చూసినా అలాగే వస్తోంది. అక్కడే ఒక ప్రలోభం ఉంటుంది. రోగులను స్వభావాన్ని బట్టి విడదీస్తూ హౌస్ అనే దంతవైద్యుడు చేసిన పాత వర్గీకరణ పుస్తకంలో సిద్ధంగా ఉంటుంది కాబట్టి, తక్కువ మార్కులు వేసినవారిని ‘హిస్టీరికల్’ అనో ‘అతిగా కోరేవారు’ అనో గడిలో పెట్టేసి చర్చ ముగించడం. మనస్తత్వం ప్రభావం నిజమే. దిగులు, ఒంటరితనం ఉన్నవారు తక్కువ మార్కులు వేస్తారు. కావాలంటే 15 ప్రశ్నల వృద్ధుల దిగులు సూచికను జతచేసి ఆ ప్రభావాన్ని లెక్కకట్టండి. కానీ కింది దవడ గట్టు అరిగిపోయి, నోరు ఎండిపోయి, సెట్టు కదులుతున్న మనిషి ఫిర్యాదును స్వభావదోషంగా రాసేయడం అన్యాయం. ముందు సెట్టును చూడాలి, తర్వాతే మనిషిని.

లెక్కల్లో ‘92 శాతం మంది సంతృప్తి చెందారు’ తరహా వాక్యం దగ్గర ఆగకండి. మధ్యస్థ విలువలు, ముందు తర్వాత తేడా, అదే మనిషి రెండు స్కోర్లకు విల్‌కాక్సన్ పరీక్ష, తేడా పరిమాణం ఇవ్వండి. గణాంకపరంగా తేడా వచ్చినంత మాత్రాన రోగికి తెలిసేంత తేడా వచ్చినట్టు కాదు. 49 ప్రశ్నల ఓహిప్‌లో రోగి గుర్తించగలిగే అతి చిన్న మార్పు సుమారు ఆరు పాయింట్లని 2009లో ఒక అధ్యయనం లెక్కకట్టింది. మీది 19 ప్రశ్నల రూపం కాబట్టి ఆ ఆరును తెచ్చి అతికించవద్దు. ‘మొత్తం మీద మెరుగా, అలాగే ఉందా, అధ్వానమా?’ అన్న ఒక్క ప్రశ్న పక్కన పెట్టి, కొంచెం మెరుగన్నవారి సగటు మార్పు ఎంతో మీ సమాచారం నుంచే తీయండి. ఆపై ఏ ప్రశ్నల్లో స్కోరు అసలు మారలేదో విడిగా చూపించండి. మీ విభాగానికి పనికొచ్చే పేజీ అదే.

తిరిగి రానివారి సంగతి మీరే ఎత్తారు. రానివారు సుఖంగా ఉన్నందుకే రాలేదనుకోవడం మనకు సౌకర్యంగా ఉంటుంది. నా అనుభవంలో వారిలో చాలామంది సెట్టును డబ్బాలో పెట్టేసినవారు. పేర్లు రాసుకుని ఫోను చేయండి, చేయించండి. ఫోను లేనివారిలో కొందరి ఇంటికైనా ఆశా కార్యకర్త సాయంతో వెళ్ళండి. ఇంటికి వెళ్ళినప్పుడు మొదటి ప్రశ్న ‘పళ్ళు ఎక్కడున్నాయి, ఒకసారి చూపిస్తారా?’ అన్నదే. నోట్లో ఉన్నాయా, గిన్నెలో నీళ్ళలో ఉన్నాయా, ట్రంకుపెట్టె అడుగున గుడ్డలో చుట్టి ఉన్నాయా. ఈ ఒక్క పరిశీలనకు ఏ స్కేలూ సాటిరాదు. ఇది మీ థీసిస్‌కే పరిమితమైన సంగతి కాదు. 2017 ఏప్రిల్ 1న నెల్లూరులో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజనలో పేద వృద్ధులకు చేతికర్రలు, వినికిడి యంత్రాలతో పాటు కట్టుడు పళ్ళు కూడా ఇచ్చే వస్తువుల జాబితాలో ఉన్నాయి. ఇలాంటి పథకాల్లో ఎన్ని సెట్లు పంచామన్న లెక్క సులువుగా వస్తుంది. ఎన్ని ఆరు నెలల తర్వాత కూడా నోట్లో ఉన్నాయన్న లెక్కను మీలాంటివారే తేవాలి.

చివరిగా ఎథిక్స్ కమిటీకి ఇచ్చే పత్రంలో రెండు అంశాలు చేర్చండి. నొప్పి, మానని పుండు, అంగిలిలో అనుమానాస్పద మచ్చ కనిపిస్తే పేరు దాచే నియమం వర్తించదని, అదే రోజు వైద్యం చేయించడానికి రోగి ముందే ఒప్పుకున్నారని ఒకటి. నమలలేకపోతున్నానని, కదులుతోందని చెప్పిన ప్రతివారిని మూడు నెలల కొలత పూర్తవగానే పిలిచి, సరిచేయడమో, లోపలి పొర మార్చడమో, అవసరమైతే కొత్తది చేయడమో ఖర్చు లేకుండా చేస్తామని విభాగాధిపతి సంతకంతో రెండోది. ఆ సంతకం తీసుకున్నాకే మొదటి రోగిని పిలవండి.